తప్పు చెప్పని మనుషుల మీద ఒక అర్జీ

పాఠక మహాశయుల సముఖానికి, ఆలమూరు మండలం జొన్నాడ గ్రామ వాస్తవ్యుడు, ఇంటిపన్ను బకాయి లేనివాడు, ఇరుగుపొరుగుతో పేచీ లేనివాడు అయిన ఒక గృహస్థు చేసుకుంటున్న మనవి.

దొంగల గురించి రాయడం లేదు. దొంగలకి పోలీసు స్టేషనుంది. దోమల గురించి రాయడం లేదు. దోమలకి పొగమిషను ఉంది, అది వచ్చినా రాకపోయినా వస్తుందని చెప్పుకోవచ్చు. కుక్కలకీ కోతులకీ కూడా వెతికితే ఏదో ఒక శాఖ దొరుకుతుంది. నా బాధ మనుషులతో. వాళ్ళు తాగి తూలేవాళ్ళు కారు, అప్పు ఎగ్గొట్టేవాళ్ళు కారు. ఎండలో కనబడితే పిలిచి మంచినీళ్ళిచ్చే రకం. వింత మనుషులన్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరో ఇద్దరో ఉంటారు, జనం నవ్వుకుని ఊరుకుంటారు. మా ఊళ్ళో నవ్వుకోవడానికి వీల్లేకుండా పోయింది. ఎందుకో కింద వివరంగా రాసుకుంటున్నాను.

ముందు ఘటనాస్థలం. కలకత్తా నుంచి మద్రాసు పోయే జాతీయ రహదారి రాజమండ్రి దాటి, కడియపులంక నర్సరీల పక్కనుంచి వచ్చి, మా ఊరి దగ్గర గౌతమీ గోదావరి వంతెన ఎక్కుతుంది. వంతెన దిగితే రావులపాలెం. ఎక్కకుండా పక్కకి తిరిగితే ఆలమూరు, మండపేట. కోనసీమ పోయే పెళ్ళివారు, కోనసీమ నుంచి వచ్చే కొబ్బరి లారీలు, అరటిగెలల వ్యాన్లు, ఇసుక ట్రాక్టర్లు, శనివారం భక్తులు, అందరికీ మా సెంటరే దారి. పట్నంలో ఇంత రద్దీ ఉంటే మనిషిని మనిషి పట్టించుకోడు. మా దగ్గర రద్దీ పెరిగిన కొద్దీ పట్టించుకునేవాళ్ళు పెరుగుతున్నారు.

ఇక ప్రతివాదులు. పేర్లు రాయను. రాస్తే పత్రికలో పడ్డామని ఊరందరికీ టీలు పోయిస్తారు, ఆ టీలు నేనూ తాగాల్సివస్తుంది.

మొదటి ప్రతివాది దారి చెప్పే పెద్దమనిషి. తెల్లారేసరికి టీకొట్టు బల్ల మీద హాజరు. జీతం లేదు, సెలవు లేదు, పై అధికారి లేడు. సెంటర్లో కారు కాస్త నెమ్మదిస్తే చాలు, గ్లాసు పక్కన పెట్టి లేచి వెళ్ళి అద్దం మీద వేలితో కొడతాడు. ‘‘వాడపల్లికాండి?’’ అంటాడు. వాడపల్లి వేంకటేశ్వరస్వామిని ఏడు శనివారాలు దర్శనం చేసుకుంటే కోరిన కోరిక తీరుతుందని నమ్మకం కాబట్టి, శనివారం పూట ఈ ప్రశ్న గురి తప్పదు. దారి చెప్పి ఊరుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఈయన ముందు వాళ్ళు చేసిన పొరపాటు చెబుతాడు.

‘‘రాజమండ్రి నుంచే కదండీ రావడం? ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కేసి బొబ్బర్లంకలో దిగి, ఆత్రేయపురం మీంచి ఎల్లిపోతే చల్లగా ఎల్లిపోయేవారు కదండీ. పుట్టెడు లారీల మధ్య ఇంత దూరం ఎందుకొచ్చారండి? సర్లెండి, అయిందేదో అయింది, వంతెన దాటి రావులపాలెంలో కుడిచేతి పక్కకి తిరిగిపోండి.’’

కారులో భార్య భర్త వైపు చూస్తుంది. బ్యారేజీ మీంచి పోదామని ఆవిడ ముందే అని ఉంటుంది. ఆ దంపతులు వాడపల్లి ధ్వజస్తంభం కనబడేదాకా మాట్లాడుకోరు. ఇలా ఒక్క శనివారంలో ఎన్ని కాపురాల్లో చిచ్చు పెడుతున్నాడో ఆ స్వామికే తెలియాలి.

అక్కడితో వదులుతాడా అంటే, వదలడు. ‘‘వాడపల్లి దాకా ఎల్లి ర్యాలి చూడకుండా వచ్చేస్తారేటండి?’’ అని రెండో అధ్యాయం ఎత్తుకుంటాడు. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే శిలలో ముందునుంచి చూస్తే విష్ణుమూర్తి, వెనకనుంచి చూస్తే మోహిని. అది నోటితో చెప్పి ఊరుకోవచ్చు కదా. నడిరోడ్డు మీద తానే అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి చూపిస్తాడు. వెనక ఆగిన లారీలన్నీ హారన్లు మోగిస్తాయి. మా ఇంట్లో ఉయ్యాల్లో ఉన్న మనవడు లేచి రాగం తీస్తాడు.

ఫోనులో దారి చూపించే మ్యాపు వచ్చాక ఈయనకి పదవీ విరమణ తప్పదనుకుని లోలోపల సంతోషించాను. జరిగింది వేరు. ఇప్పుడు మ్యాపు చెప్పే తప్పులు కూడా ఈయనే దిద్దుతున్నాడు. ‘‘ఫోనులో ఆ పిల్ల చెబుతున్న దారి పుంతదారండీ, నిన్న వానపడింది, చక్రం దిగబడిపోద్ది’’ అన్నాడు ఒకాయనతో. ఆయన పిల్ల మాటే విన్నాడు. కారుని ట్రాక్టరు కట్టి లాగారు. ఆ ట్రాక్టరు బేరమాడి కుదిర్చిపెట్టింది కూడా మా ప్రతివాదే. తప్పు చెప్పి ఉంటే నాలుగు తిట్లు పడేవి, బల్ల ఖాళీ అయ్యేది. చెప్పడే!

రెండో ప్రతివాది నీటిమట్టం బాబాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా ఈయనకి తిండీ నిద్రా ఉండవు, మాకు ఉండనివ్వడు. పొద్దున్నే మా ప్రహరీగోడ అవతలనుంచి ‘‘భద్రాచలం 43 అండీ’’ అని వినబడుతుంది. అక్కడ 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం లెక్క వేరు: 11.75 అడుగులు, 13.75, 17.75. ఈ ఆరు అంకెలూ మా ఇంట్లో పసిపిల్లలకి కూడా కంఠతా వచ్చు. మా కోడలు గుంటూరు వైపు నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో, పక్కింట్లో ఏదో చీటీపాట నడుస్తోందనుకుంది.

గోదావరిని ఈయన గోదావరి అనడు, ‘ఆవిడ’ అంటాడు. ‘‘ప్రాణహిత కదిలిందండి. ఇంద్రావతి తోడైంది. ఇంక కింద శబరి కూడా పొంగితే ఆవిడ ఆగదండి’’ అంటాడు. వాన మా ఊళ్ళో పడక్కర్లేదు. మాకు చుర్రుమని ఎండ కాస్తుంటే ఎక్కడో మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో పడ్డ వానకి ఈయన ఇక్కడ గొడుగు వేసుకుంటాడు.

సాయంత్రం కాఫీ వేళకి చరిత్ర మొదలవుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. 2022 జులైలో 71.3 అడుగులు, 25 లక్షల పైచిలుకు క్యూసెక్కులు. ఈ రెంటికీ మధ్య ఏ ఏడు ఎంతొచ్చిందో అడిగితే చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు. కాఫీ మాత్రం అడక్కుండా తాగడు, ‘‘చక్కెర తగ్గించమనండమ్మా’’ అని లోపలికి కబురు పెట్టి తాగుతాడు.

గట్టుకి ఇవతల ఉన్న నా ఇంట్లోకి నీళ్ళు రావని నా ధీమా. నా ధీమా మా ఆవిడకి చాలదు. బాబాయి గారు ‘‘రెండోది దాటేలా ఉందండి’’ అన్నారంటే మా ఇంట్లో బియ్యండబ్బాలు, పచ్చడిజాడీలు, పెళ్ళిఫొటోల ఆల్బములు అటకెక్కాలి. ఎక్కించేది నేను, దింపేది నేను, నడుం పట్టేది నాకు. ఇంత చేసీ ఆయన మీద కేకలేద్దామంటే వీల్లేదు. టీవీలో హెచ్చరిక వచ్చేసరికి లంకరైతులు పశువుల్ని గట్టెక్కించి, గడ్డి వేసి, తీరిగ్గా కూర్చుని ఉంటారు. భద్రాచలంలో చూసిన నీరు ధవళేశ్వరం చేరడానికి ఒక రోజు అటూ ఇటూ పడుతుందని, మనిషికి దేవుడిచ్చిన గడువు ఆ ఒక్క రోజేనని ఆయన వాళ్ళకి ముందునుంచీ నూరిపోశాడు. ఈ వాదనలో బొక్క ఎక్కడుందా అని చాలాకాలంగా వెతుకుతున్నాను.

మూడో ప్రతివాది బేరం పిన్నిగారు. ఈవిడ వల్ల నాకు జరిగింది ఆర్థిక నష్టం కాదు, పరువు నష్టం. కూరగాయల బండి మా గుమ్మంలో ఆగితే నాలుగిళ్ళ అవతలనుంచి వచ్చేస్తుంది. కొనదు. ఆవిడ పెరట్లో ఆనపపాదు, బీరపాదు, గోంగూర మడి అన్నీ ఉన్నాయి. ‘‘అన్నయ్యగారికి వంకాయలు ఎంతకిచ్చేవురా అబ్బాయి?’’ అని మొదలెడుతుంది. నేను చెప్పకముందే నా మొహం చూసి ధర కనిపెట్టేస్తుంది. ‘‘తెల్లారగట్ల మడికి మార్కెట్లో ఏ రేటుకి ఎత్తేవో నాకు తెలీదనుకున్నావా?’’ అంటుంది. ఆవిడకి తెలుసు. అక్కడికెళ్ళి నుంచుని, విని, ఏమీ కొనకుండా వచ్చింది కదా.

అరటిపళ్ళ విషయంలో ఈవిడ ఇంకా ప్రమాదం. రావులపాలెం యార్డులో ఏ గెల ఏ ధరకి పోయిందో మధ్యాహ్నానికల్లా తెలుసు. ‘‘చక్కెరకేళి అని చెప్పి ఆయన చేతిలో పెట్టేవు, వాసన చూడు ఓసారి’’ అని అత్తం ఎత్తి వ్యాపారి ముక్కుకి తగిలిస్తుంది. వాడు పది తగ్గిస్తాడు. తగ్గించి నా వైపు చూసే చూపులో, ఈ ఇంటి ముందు ఇక బండి ఆపకూడదన్న నిర్ణయం స్పష్టంగా కనబడుతుంది.

ఒక్కమాట మనవి చేసుకుంటాను. నేను తెలియక ఎక్కువ ఇవ్వడం లేదు. పదో పాతికో ఎక్కువిచ్చి, ‘‘పంతులుగారు బేరమాడరండి, పెద్దమనిషండి’’ అనిపించుకుంటున్నాను. పెద్దరికం కొనుక్కోవడానికి ఇంతకంటే చవకైన దారి ఈ రోజుల్లో లేదు. ఆ సరుకు ఒక్కటీ ఈవిడ నాకు దక్కనివ్వలేదు.

అంతకుముందు ఈవిడ రాజ్యం మడికి నుంచి రావులపాలెం వరకే. 2025 ఆగస్టు 15న ‘స్త్రీశక్తి’ పథకం వచ్చి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేకుండా పోయింది. పథకం మంచిదే, ఎందరో ఆడపిల్లలు చదువులకి, పనులకి పోతున్నారు. కానీ ఈవిడ ఆధారు కార్డు పర్సులో వేసుకుని పల్లెవెలుగు ఎక్కి ఓ రోజు రాజమండ్రి, ఓ రోజు రామచంద్రపురం, ఓ రోజు అమలాపురం తనిఖీ చేసుకుని వస్తోంది. కొత్తిమీర కట్ట కొనదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని మూడు ఊళ్ళ ధరలూ పక్కపక్కన పెట్టి చదువుతుంది. ఆ రోజు నేను ఎందులో ఎంత మోసపోయానో వీధివీధంతా వింటుంది. అంకెల్లో ఎక్కడా రూపాయి తేడా ఉండదు.

నాలుగో ప్రతివాది వెనకవీధి పుంజుల మావయ్య. ఆయన పిల్లలు విదేశాల్లో ఉన్నారు, పుంజులు ఇంట్లో ఉన్నాయి. దసరా వెళ్ళిన దగ్గర్నుంచి ఆ పుంజుల దినచర్య మా వీధి మొత్తం పాటించాలి. తెల్లవారుజామున గోదావరిలో ఈత. ఒళ్ళు ఆరాక నడక. ఆ పైన బాదంపప్పు, జీడిపప్పు, మాంసం ముక్కలు, ఉడకబెట్టిన కోడిగుడ్డు. కోడికి గుడ్డు పెట్టడంలో ఉన్న ధర్మసందేహం అడిగితే మావయ్యకి కోపం వస్తుంది. నాకు డాక్టరు బాదంపప్పులు లెక్కపెట్టి తినమన్నాడు. ఆ డేగపుంజుకి అలాంటి ఆంక్ష ఏమీ లేదు, దాని ఛాతీ చూస్తే తెలుస్తుంది.

కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల, మైల, అబ్రాసు అని ఈకల రంగుని బట్టి వాటికి జాతులు. ఏ రోజున ఏ రంగుది నెగ్గుతుందో, ఏ దిక్కునుంచి దింపాలో చెప్పే కుక్కుటశాస్త్రం ఆయన బట్టీపట్టాడు. మనిషి ముహూర్తం అడిగితే ‘‘పంతులుగారిని అడగండి’’ అంటాడు, కోడి ముహూర్తం అడిగితే వేళ్ళు మడిచి లెక్కకడతాడు.

ఇక్కడ దొరికిపోతాడని నేను గంపెడాశ పెట్టుకున్నాను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కోడిపందేన్ని ఒప్పుకోదు, పందెం డబ్బుని 1974 నాటి గేమింగ్ చట్టం ఒప్పుకోదు. భోగి ముందు ఈయన పుంజుని చంకన పెట్టుకుని బయల్దేరితే చాలు, ఫిర్యాదు రాయడానికి తెల్లకాగితం సిద్ధంగా ఉంచాను. ఆయన బయల్దేరడు. పెద్దపెద్ద కార్లలో వచ్చి లక్షలు చెబుతామంటారు. ‘‘కత్తి కట్టడానికి పెంచలేదండి, కళ్ళారా చూసుకోడానికి పెంచేను’’ అని మజ్జిగ ఇచ్చి పంపేస్తాడు. కనుమ వెళ్ళాక ఊళ్ళో అందరి పుంజులూ కూరలో తేలితే, ఆయనవి మాత్రం తీరిగ్గా బాదంపప్పు తింటుంటాయి. చట్టం కూడా నా పక్షాన నిలబడలేదు.

ఐదో ప్రతివాది సరిహద్దు మాస్టారు. రిటైరయ్యారు గానీ ఎర్రసిరా పెన్ను రిటైరవలేదు. కోనసీమ అంటే గౌతమికీ వసిష్ఠకీ సముద్రానికీ మధ్యనున్న నేల అని, మన ఊరు గౌతమికి ఇవతల ఉంది కాబట్టి కోనసీమ కాదని ఆయన వాదం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు తూర్పుగోదావరి నుంచి మమ్మల్ని తీసి కోనసీమ జిల్లాలో కలిపారు. ఆ ఏడే దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ‘‘జిల్లా ప్రకారం కోనసీమవారం, నది ప్రకారం కాదు’’ అంటారాయన. మా అమ్మాయి పెళ్ళి శుభలేఖలో ‘అందాల కోనసీమలోని జొన్నాడ’ అని వేయిస్తే, ఇంటికొచ్చి ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన ‘జిల్లా’ అని చేర్చి, మార్కులు వేయకుండా వెళ్ళారు. రాజోలు వియ్యంకులు ఆ కాపీయే చూశారు. చూసి, ‘‘మాస్టారు చెప్పిందీ నిజమేనండి’’ అన్నారు. రహదారి నంబరు సంగతీ అంతే. 2010లో అయిదో నంబరు పోయి పదహారయిందన్న మాటకి ఊరంతా ఇంకా అలవాటు పడలేదు. అయిదు అన్నవాణ్ణి ఆయన నిలబెట్టి పదహారు అనిపించి గానీ పంపరు.

ఆరో ప్రతివాది పేపరు ఎరువడిగే ఆయన. గేటులో పేపరు పడ్డ చప్పుడు నాకంటే ముందు ఆయనకి వినబడుతుంది. ‘‘హెడ్డింగులు చూసి ఇచ్చేస్తానండి’’ అంటాడు. తిరిగొచ్చేసరికి గళ్ళనుడికట్టు నిండి ఉంటుంది, పెన్సిలుతో కాదు, పెన్నుతో. ఒక్క అక్షరమైనా తప్పు పెట్టి ఉంటాడని నిలువూ అడ్డమూ వెతుకుతాను. ఉండదు. రాశిఫలాల్లో నా రాశి దగ్గర చిన్న గీత గీసి ఉంటుంది. ‘‘కోపం తగ్గించుకోమన్నాడండి మీ రాశికి’’ అని నోటితో కూడా చెప్పి వెళతాడు. డబ్బు అప్పడిగితే లేదనొచ్చు. గేటులో పడున్న పేపరుని లేదని ఎలా అనను?

ఈ దౌర్జన్యానికి మూలం ఎక్కడుందా అని విచారించగా, మొదటి ముద్దాయిలు మన రచయితలేనని తేలింది. పిఠాపురం ఆస్థానంలో ఉన్న పానుగంటి వారు ‘సాక్షి’ వ్యాసాల్లో జంఘాలశాస్త్రి చేత ఎడతెగని ఉపన్యాసాలిప్పించారు. చిలకమర్తి వారు ‘గణపతి’ని నవల చేశారు. మొక్కపాటి వారు మొగల్తూరు నుంచి పార్వతీశాన్ని ఏకంగా ఇంగ్లండు పంపారు. అప్పుల అప్పారావుని పుట్టించిన ముళ్ళపూడి వెంకటరమణ 1931లో ధవళేశ్వరంలో పుట్టారు. ఆ ఊరి నీళ్ళే కిందికి మా ఊరొస్తాయి. ఇక వంశీ గారి పసలపూడి మాకు పొరుగే. ఊరికో నలుగురు తిక్కమనుషులుంటే, వాళ్ళని మందలించాల్సింది పోయి పుస్తకాలకెక్కించారు. ఇప్పుడు మావాళ్ళు ప్రతి ఒక్కరూ తమ పుస్తకం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నట్టే నడుస్తారు, మాట్లాడతారు.

రెండో ముద్దాయి చరిత్ర. గోదావరికి ఆనకట్ట కట్టాలని ఒక దొర పైవాళ్ళకి రాసి రాసి విసిగించాడు. 1847లో మొదలెట్టి 1852కి కట్టి చూపించాడు. రైళ్ళకంటే కాలవలు మేలని ముసలితనంలోనూ వాదించినందుకు 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. ఆ కాటన్ దొరకి మా జిల్లాల్లో ఊరూరా విగ్రహాలు. ప్రశ్నలడిగిన పెద్దలకి ఒక్కటీ లేదు. మండపేటలో పుట్టి లంకల గన్నవరం కోడలైన డొక్కా సీతమ్మ గారు ఏ వేళప్పుడు ఎవరొచ్చినా పొయ్యి వెలిగించి అన్నం పెట్టారు. అర్ధరాత్రి ఆ పొగకి పక్కింటి గృహస్థు ఎవరో నాలాగే గొణుక్కునే ఉంటాడు. వైనతేయ మీది అక్విడక్టుకి సీతమ్మ గారి పేరుంది, 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు. ఆ గృహస్థు పేరు ఎవరికీ తెలియదు. చరిత్ర ఇంత ఏకపక్షంగా ఉంటే న్యాయం ఎక్కడ దొరుకుతుంది?

విదేశాల్లోనైనా నాకు సానుభూతి దొరుకుతుందేమోనని కాలిఫోర్నియాలో ఉన్న మా మేనల్లుడికి ఫోను చేశాను. వాడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకప్పుడు తిరిగిన జాషువా నార్టన్ కథ చెప్పాడు. వ్యాపారంలో దివాలా తీసిన ఆయన 1859లో తనని తాను అమెరికాకి చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. జనం కాదనకుండా దణ్ణం పెట్టారు, ఆయన అచ్చువేయించిన నోట్లు కూడా కొందరు కొట్లవాళ్ళు పుచ్చుకున్నారు. 1872లో అఖాతం మీద అవతలి ఓక్లండుకి వంతెన కట్టమని ఆజ్ఞ జారీచేశాడు. పిచ్చివాడి ఆజ్ఞ అని నవ్వారు. 1936లో వంతెన తెరిచారు. ఫోను పెట్టేశాను. వంతెన దగ్గర కాపురముంటున్న నాకు చెప్పాల్సిన కథేనా అది?

అదే 1859లో జాన్ స్టూవర్ట్ మిల్ అనే ఇంగ్లీషు తత్వవేత్త స్వేచ్ఛ మీద ఒక పుస్తకం రాసి, విడ్డూరపు మనుషులు ఎంత ఎక్కువుంటే సమాజంలో తెలివీ ధైర్యమూ అంత ఎక్కువుంటాయని, వాళ్ళు తగ్గిపోవడమే కాలానికి ప్రమాదమని తేల్చాడు. బాగానే తేల్చాడు. ఆయన ఇల్లు జొన్నాడ సెంటర్లో లేదు.

చివరికి ఒక కార్యాలయంలో అర్జీ పట్టుకుని నిలబడ్డాను. అక్కడి ఉద్యోగి ఓపిగ్గా చదివి అడిగాడు. ‘‘వీళ్ళు చెప్పేది అబద్ధమా అండి?’’ కాదన్నాను. ‘‘డబ్బులేమైనా అడిగారా?’’ లేదన్నాను. ‘‘తిట్టారా, కొట్టారా?’’ కాఫీ తాగారన్నాను. ‘‘మరి ఏ కాలమ్‌లో రాయమంటారండి?’’ అని కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి, ‘‘ఆ నీటిమట్టం చెప్పే ఆయన ఫోన్ నంబరుంటే ఇస్తారా, మా అత్తగారిది లంకలో ఇల్లు’’ అన్నాడు. ఇచ్చాను.

నా వాదన ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది. తిక్క మనిషి తప్పు చెబితే లోకానికి సుఖం. నవ్వొచ్చు, జాలిపడొచ్చు, కాస్త తిట్టి ఇంట్లోకొచ్చి తలుపేసుకోవచ్చు. తిక్క మనిషి సరిగ్గా చెబితే గృహస్థుకి నిలువ నీడ లేదు. దారి తెలియకుండా తిరిగే హక్కు, వరద తెలియకుండా నిద్రపోయే హక్కు, ధర తెలియకుండా కొనుక్కునే హక్కు, జిల్లా పేరు తప్పు రాసుకునే హక్కు, ఇవన్నీ నాలాంటి మామూలు మనిషి పుట్టుకతో తెచ్చుకున్నవి. జీతం తీసుకుని ఈ పనులు చేయాల్సినవాళ్ళు వాటిని ఎప్పుడూ గౌరవిస్తూనే ఉన్నారు. జీతం లేనివాళ్ళే లాక్కున్నారు.

కాబట్టి నా మనవి. మీ ఊరు మరీ బుద్ధిమంతుల ఊరై, ఎవరి దారిన వాళ్ళు తలొంచుకుపోతూ, పక్కింట్లో ఏం జరిగినా తెలియకుండా ఉంటే, మావాళ్ళలో ఒకరిద్దరిని తీసుకెళ్ళండి. దారిఖర్చులు నేను పెట్టుకుంటాను. పిన్నిగారికి ఆ ఖర్చు కూడా లేదు, అయితే మా ఆవిడని అడిగి తీసుకెళ్ళాలి, నెలసరుకుల చీటీ ఆవిడ చేతిలోనే ఉంది. నీటిమట్టం బాబాయిని సెప్టెంబరు దాటేదాకా ఇవ్వడం కుదరదు, అటక మీద సామాను ఇంకా దించలేదు. దారి చెప్పే ఆయనని 2027లో గోదావరి పుష్కరాలు అయ్యేదాకా కదపకూడదు, వచ్చే యాత్రికులంతా మా సెంటర్లోనే తికమకపడతారు. మాస్టారు మా మనవడికి లెక్కలు మొదలుపెట్టాలి, మావయ్య పుంజులు కూయకపోతే నాకు రైలు అందదు.

పేపరు ఎరువడిగే ఆయనని మాత్రం ఇవాళే తీసుకెళ్ళొచ్చు. పేపరు ఇక్కడ వదిలి వెళ్ళమనండి.